పలనాటి బావులు: తవ్వినవారు, కాచినవారు

నరసరావుపేటలోనైనను మాచర్లలోనైనను పాత వీథులయందలి ఇల్లొకటి చేతులు మారునప్పుడు, దస్తావేజు వ్రాయువారు పూర్వపు పదావళిని నేటికిని కొంత నిలుపుకొనుచు, నిధి, నిక్షేపము, జలము, పాషాణము, అక్షీణి, ఆగామి, సిద్ధము, సాధ్యము అను అష్టభోగములతో కూడ ఆ స్థలమును కొన్నవారిపరము చేయుట కలదు. కొన్నవారికి తాళపుచెవి లభించును, పెరటిలోని రాతిబావి లభించును, దానిపై తుప్పుపట్టిన గిలకయు లభించును. కాని ఆ బావిని ఏ ఋతువునందు ఎట్లు చూచుకొనవలయునో, ఎంత లోతున ఊట కలదో, ఏ రాయి వదులైనదో ఎరిగిన పూర్వగృహస్థుని విద్య మాత్రము ఏ కాగితమునను వ్రాయబడి వారికి చేరదు. అట్టి బావిని మట్టితో పూడ్చివేసి, దానిపై స్నానపుగదియో వాహనము నిలుపుకొను చప్టాయో కట్టుకొనువారే పెక్కుమంది. ఐనను దానిని పూడ్చుటకు మనసొప్పక, మరల వాడుకలోనికి తెచ్చుకొనవలెనని కోరువారు కొందరైన లేకపోలేదు. ఆ కొందరికొరకు, ఈ నేలయందు జలాశయములను కాచిన విద్య ఎట్లు పుట్టెనో, ఎట్లు సాగెనో, ఎట్లు చెదరెనో చెప్పవలసియున్నది.

పలనాటికి నీటికొరత వింతయైనది. ఉత్తరమున కృష్ణవేణి పొడుగునను పారుచునే యుండును. కాని అది ఎత్తైన దరులనడుమ లోయలో పారుటచే, గట్టుమీది పొలమునకు ఆ నీరు కంటికి కనబడునదే కాని చేతికి అందునది కాదు. 1855 నాటికి బెజవాడకడ ఆనకట్ట పూర్తియై దిగువనున్న డెల్టా భూములు పచ్చబడినను, ఎగువనున్న పలనాటి మెట్టకు దానివలన చుక్కనీరైన రాలేదు. నాగులేరు, చంద్రవంక వంటి వాగులు వానకాలమున పొంగి, ఎండలు ముదురగనే మడుగులుగా మిగులును. మహాకవి శ్రీనాథుడు ఈ సీమకు వచ్చి, ఇచ్చటి రాళ్లను, నీళ్లను, జొన్నకూటిని గూర్చి చాటువులు చెప్పెనన్న ప్రసిద్ధి తెలుగువారందరును ఎరిగినదే. 1833 ప్రాంతమున గుంటూరు మండలమును ఊడ్చివేసిన నందన కరవు ఈ మెట్ట గ్రామములనుగూడ విడిచిపెట్టలేదు. ఇట్టిచోట బావి యనునది ఇంటికి అలంకారము కాదు; అది యున్నచోటనే ఊరు నిలిచెను, అది ఎండినచోట ఊరు లేచిపోయెను.

బావి త్రవ్వుటయు ఇచ్చట సులభమైన పని కాదు. పైన నల్లరేగడి, దానిక్రింద సుద్దనేల, దానిక్రింద పొరలుపొరలుగా పరచియున్న నాపరాయి. నల్లరేగడి తడిసినప్పుడు ఉబ్బును, ఎండినప్పుడు బీటలువారి కుంచించుకొనును. ఏటేట జరుగు ఈ ఉబ్బుదలకు తట్టుకొనునట్లు బావి పైభాగమునకు రాతితో ఒర కట్టవలెను. వడ్డెరలు ఈ విద్యయందు ఆరితేరినవారు. రాతికి రాతికి నడుమ సున్నము నింపక, చెక్కిన రాళ్లను ఒకదానిపై నొకటి బిగువుగా పేర్చి, వెనుకనున్న తడి ఆ సందులనుండి లోనికి ఊరి దిగునట్లు వారు ఒర నిలిపెడివారు. నాపరాయి తగిలినపిమ్మట ఒరతో పని లేదు. ఆ బండయే గోడయగును. గచ్చు అవసరమైన చోట, బట్టీలో కాల్చిన సున్నమును ఇసుకతో కలిపి గానుగలో నూరి, బెల్లపునీటిని కరక్కాయ నానబెట్టిన నీటిని చేర్చి వాడుట పూర్వుల పద్ధతి. సున్నపురాయికి పిడుగురాళ్ల ప్రాంతము ఎంత ప్రసిద్ధమో చెప్పనక్కరలేదు. ఆ రాతిలోనుండి ఊరివచ్చుటచేతనే ఈ సీమలోని పెక్కు బావుల నీరు గట్టినీరై, కందిపప్పు ఉడకదనియు, సబ్బు నురగ రాదనియు ఇల్లాండ్రచేత నిందింపబడుచు వచ్చినది.

ఈ విద్య ప్రాచీనత తెలియవలెనన్న నాగార్జునకొండ లోయకు పోవలెను. 1926 లో ఆ శిథిలములు పురావస్తుశాఖవారి దృష్టికి వచ్చినవి. లాంగ్‌హర్‌స్టుగారి త్రవ్వకములు మొదలుకొని, 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యముగారి నాయకత్వమున జరిగిన త్రవ్వకముల వరకు, అచ్చట విజయపురియను ఇక్ష్వాకుల రాజధాని బయల్పడెను. బౌద్ధ స్తూపవిహారములతో పాటు, మెట్లు దిగిన కోనేరులును, కృష్ణాతీరమున స్నానఘట్టమును, అశ్వమేధయాగమునకు సంబంధించినదని పండితులు తలచిన మెట్లకోనేరును, కూర్మాకృతి గల కుండమును వెలువడినవి. నీరు వచ్చుదారి, పోవుదారి, పూడిక తీయుటకు దిగుదారి అను మూడింటిని ముందే ఆలోచించి కట్టుట ఇట్టి కట్టడములందలి విశేషము. ఇంతకంటెను పూర్వమునందు సింధుతీరమున మొహంజొదారో మహాస్నానవాటికకు సహజమైన తారు పూసి నీరు కారకుండ చేసి, మనిషి నడువదగిన కాలువగుండ మురికినీటిని వెడలించిరి. ఈతకొలను కట్టుకొన్నవాడు నేడు మొదట అడుగవలసిన ప్రశ్నయు అదియే: నీరు నింపుట ఎట్లని కాదు, వెడలించుట ఎట్లని.

అదే లోయలో ఉపాసిక బోధిశ్రీ వేయించిన శాసనమొకటి కలదు. అది ఇక్ష్వాకురాజైన వీరపురుషదత్తుని పదునాలుగవ రాజ్యవర్షమునాటిది. ఆమె చేసిన ధర్మకార్యములు వరుసగా అందు చెక్కబడియున్నవి: ఒకచోట చైత్యగృహము, ఒకచోట బోధివృక్షమునకు ఆలయము, ఒకచోట భిక్షువుల గదులు, పువ్వసేలమున ఒక తటాకము, మండపము. స్త్రీ యొకతె పదునేడువందల యేండ్లకు పూర్వము చెరువు త్రవ్వించి, పలనాటి రాతిపై ఆ మాట నిలుపుకొన్నదనిన, ఆ రాతియెదుట నిలిచినవానికి సంతోషము కలుగకమానదు. ఐతే ఆ చెరువు పూడిక ఎవరు తీసిరి, గట్టు తెగిననాడు మట్టి ఎవరు మోసిరి అను మాట ఆ శాసనమున లేదు. త్రవ్వించినవారికి శాసనము మిగులును. కాచినవారికి నడుమునొప్పి మిగులును. ఐనను ఆ కాలపువారు పాలనను గూర్చి బొత్తిగా ఆలోచింపలేదని చెప్పరాదు. శ్రేణులయొద్ద మూలధనముంచి, దానిని చెడనీయక, వచ్చు వడ్డితో ధర్మకార్యము నడుపు అక్షయనీవి యను పద్ధతి ఆనాటి శాసనములందు కనబడుచున్నది.

రెడ్డిరాజుల కాలమునకు వచ్చునప్పటికి ఈ ఆలోచన మరింత స్పష్టమైనది. నేటి పలనాడు జిల్లాలోనే యున్న కొండవీటి కొండపై మూడు చెరువులు ఒకదానిక్రింద నొకటి వాననీటిని పట్టి దుర్గమును పోషించినవి. నరసరావుపేటనుండి గుంటూరుపోవు త్రోవలోని ఫిరంగిపురమున, పెదకోమటి వేమారెడ్డి దేవి సూరమాంబ సంతానసాగరమను చెరువు త్రవ్వించెను. 1409 నాటి ఆ తటాకశాసనమును రచించినది పలనాటివీరచరిత్రమును ద్విపదగా వ్రాసిన శ్రీనాథుడే. ఈ సీమ నీటికొరతను గూర్చి నిష్ఠురములు పలికినాడని చెప్పుకొనబడు కవియే సమీపమున నీటిభాగ్యమును కీర్తించుట నాకు ఎంతయు ప్రీతికరముగ తోచును. ఆ చెరువునకు నీరు చాలుటకై వేమారెడ్డి జగనొబ్బగండ కాలువను త్రవ్వించెను. భార్య చెరువును భర్త కాలువతో పోషించెనన్నమాట.

సప్తసంతానములలో తటాకము నొకటిగా ఎంచుట మనవారికి పూర్వమునుండి యున్నదే. కాని నా మనసును మిక్కిలి ఆకర్షించునది మరియొకటి. దానశాసనముల చివర పదేపదే కనబడు ధర్మవచనములలో, తానిచ్చిన దానికంటె ఇతరులిచ్చిన దానిని కాపాడుటవలన రెట్టింపు పుణ్యమని యొకటి కలదు. పరుల చేతిమీదుగ వచ్చిన పాత బావికి క్రొత్త యజమాని అగుటయనగా, శాసనకారులు ఆ రెట్టింపు పుణ్యమును ఎవరికొరకు వ్రాసిరో, వారిలో చేరుట. ఇది కేవలము ఉపదేశముగ నిలువక ఆర్థికవ్యవస్థయయ్యెను. చెరువు కట్టినవారికి, బాగుచేసినవారికి దశబంధమను పేర భూమిశిస్తులో పదియవవంతు మినహాయింపో, మాన్యమో ఇచ్చుచుండిరి. నీరు వదలుటకు, గట్టు చూచుటకు నీరుగట్టు అను గ్రామోద్యోగి యుండెను. కంపెనీవారి పాలన ముగిసిన 1858 లో ఇట్టి మాన్యముల, ఇనాముల విచారణకై ప్రత్యేకముగ కమీషను ఏర్పడెను. అదే యేట, చెరువుపనికి రైతులు శ్రమనిచ్చు ఆచారమును బలవంతపు చట్టముగ మార్చిరి. చట్టమువలన ఆచారము బలపడినదో నశించినదో చెప్పుట సులభము కాదు కాని, స్వధర్మముగ నడచినది సర్కారు వెట్టిగ మారినపిమ్మట ప్రజలకు దానిపై ప్రేమ తగ్గెననియే నా తలంపు.

ఇంటి బావికి ఇంత యంత్రాంగము లేదు. దానికి గృహస్థుడే రాజు, అతడే నీరుగట్టు. ఊట మిక్కిలి దిగిపోవు చైత్రవైశాఖములందు మిగిలిన నీటిని తోడివేసి, నడుమునకు చాంతాడు కట్టుకొన్న మనిషి లోనికి దిగి, ఒండ్రుమట్టిని తట్టలకెత్తెడివాడు. పైనున్నవారు దానిని లాగి పాదులకు చల్లెడివారు. ఏడాదిపొడుగున జారిపడిన చెంబులు, బొక్కెనలు ఆనాడు బయటపడుట పిల్లలకు పండుగ. నడుమ పడినవానిని పాతాళగరిగెతో వెదకి తీసెడివారు. ఒర సందులలో మొలచిన రావిమొక్కను పైపైన త్రుంచక, వేరుతోసహా పెల్లగించుట ఆనాటి పనిలో ముఖ్యభాగము. దానిని విడిచినచో రెండు మూడేండ్లలో రాళ్లే కదలును. శుభ్రపరచిన బావికి పసుపుకుంకుమలతో గంగపూజ చేయుటయు, బాలింతచేత బావిలో చేద వేయించి తొలిబిందె తోడించుటయు మన యిండ్ల ఆచారములు. దోమలపిల్లలను తినునని చిన్నచేపలను, చెత్తను తినునని తాబేలును బావిలో విడుచుటయు కలదు. చేప మేలు చేయునది నిజమే. తాబేలు మాత్రము బావిని శుభ్రపరచుననుట ప్రేమతో పుట్టిన నమ్మకమే కాని అది దానిని మలినపరచును కూడ.

పొలములోని మోటబావి ఇంటిబావికంటె విశాలము. దిగుటకు మెట్లుండును; ఎడ్లు వెనుకకు ముందుకు నడచుచు కపిలె తోలినంతసేపు నీరు కదలుచునే యుండును. పలనాటి పిల్లలకు ఈత నేర్పిన కొలను అదియే. నడుమునకు ఎండిన సొరబుర్రలనో, జీలుగుబెండ్లనో కట్టుకొని, గట్టుపై పెద్దవారు త్రాడు పట్టుకొనియుండ దూకి నేర్చుకొనిరి. ఆ బావిలో పాచి ఎందుకు తక్కువయని యడిగిన, నీరు నిత్యము తోడబడి క్రొత్త ఊట వచ్చుచుండుటచేతనే. నేడు నరసరావుపేట పరిసరములందు తోటయిండ్లలో ఈతకొలనులు కట్టుకొనువారికి మోటారు, ఇసుకవడపోత చేసిపెట్టుపనిని ఆనాడు ఎడ్లజత చేసిపెట్టెను.

ఈ ప్రశంసలనడుమ దాచరాని దొకటి కలదు. రాతిని పగులగొట్టి బావిని త్రవ్వినవారికి, మాలమాదిగవాడల ప్రజలకు, అదే బావిలో చేద వేయు హక్కు లేకపోయెను. చాపకూటితో కులభేదమును త్రోసివేసెనని బ్రహ్మనాయుని కీర్తించిన పలనాటిలోనే, మాల కన్నమదాసుని వీరునిగ కొలిచిన కారెంపూడి చుట్టుపట్లనే, ఈ అన్యాయము శతాబ్దములు సాగెను. మన రాజ్యాంగపు 15 వ అధికరణము బావులను, చెరువులను, స్నానఘట్టములను పేరుపెట్టి చెప్పి, అచ్చట కులభేదమును నిషేధించుటకు కారణమిదే. 1955 చట్టమున అది శిక్షార్హమైన నేరమయ్యెను. పలనాటి బావుల చరిత్ర వ్రాయువాడు గిలకల అందమునుగూర్చి వ్రాసి ఈ మాటను విడిచినచో అతడు చరిత్ర వ్రాయలేదన్నమాట.

మెట్లబావికి ఒక శత్రువు నారికురుపు. కురుపుగలవాడు నీటిలో కాలు పెట్టగనే ఆ కురుపులోని పురుగు తన పిల్లలను విడుచును. వానిని సూక్ష్మమైన నీటిపురుగులు మ్రింగును. ఆ నీటిని వడకట్టక త్రాగినవానికి సుమారు ఒక సంవత్సరమునకు కురుపు లేచును. ఆంధ్రదేశమున దీనివలన కుంటుపడిన గ్రామములు పెక్కు. దానిని రూపుమాపుటకు మెట్లను మూసి, గట్టు ఎత్తి, గిలకలు పెట్టి, నీటిని వడకట్టుట నేర్పిరి. దేశములో చివరి రోగి 1996 లో కనబడెను. 2000 లో భారతదేశము దానినుండి విముక్తమైనదని ప్రకటింపబడెను. మలేరియాకు దోమయే వాహకమని 1897 లో సికింద్రాబాదున రొనాల్డ్ రాస్ కనుగొన్నప్పటినుండి బావికి వలకప్పు వేయుట ఆరోగ్యశాఖవారి ఉపదేశమైనది.

ఇన్ని ఈతిబాధలకు లొంగని బావిసంస్కృతి ఒక శుభకార్యమువలన సడలెను. 1955 డిసెంబరు 10 న నందికొండకడ నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరమునుండి, 1967 ఆగస్టు 4 న ఇందిరాగాంధి కాలువలకు నీరు వదలిరి. కుడికాలువ పలనాటి మెట్టపై సాగెను. ఇక్ష్వాకుల లోయ మునిగెను, వారి కట్టడములలో కొన్ని ముందే కొండమీదికిని అనుపునకును తరలింపబడెను. కరవుసీమకు వరిచేను వచ్చినందుకు సంతోషింపనివాడు ఉండడు. కాలువనీటితో నిండు మంచినీటి చెరువులు, వానినుండి కొళాయిలు వచ్చినపిమ్మట, పెరటిబావికి ఏటేటి పూడికపని అనవసరమయ్యెను. బావి ఎండిపోలేదు, దాని విద్య తెలిసినవాడు మరియొక పనికి పోయెను.

కావున నేడు అట్టి బావిని పొందినవారు అన్నిటికంటె ముందు దానియెడ భయము నేర్చుకొనవలెను. ఏండ్లతరబడి మూతపడిన బావిలో విషవాయువు నిలుచును. పూర్వులు వెలుగుచున్న దీపమును త్రాటితో దించి, అది ఆరిపోయినచో దిగెడివారు కారు. ఇది మంచి పరీక్షయే కాని చాలదు. దీపమును ఆర్పకయే మనిషిని చంపు వాయువులును కలవు. ఒకడు పడిపోయెనని చూచి అతనిని తీయుటకు మరియొకడు, ఆతనికై వేరొకడు దిగి ముగ్గురును మరణించిన విషాదములు మన పత్రికలందు ఏటేట చదువుచునే యున్నాము. అనుభవము, పరికరములు గల పనివారిచేతనే, గాలి బాగుగ ఆడించినపిమ్మట, ఈ పని చేయింపవలెను. రెండవది, పాతఒర సందులను సిమెంటుతో లోపలినుండి మూసివేయు ఉత్సాహమును మానుకొనవలెను. తడిసిన రేగడి వెనుకనుండి త్రోయుచుండగా నీటికి దారి లేక గోడయంతయు ఉబ్బి కూలును. పైన నాలుగు మూరలమేర గచ్చుచేసి, చుట్టును వాలుగ చప్టా వేసి, మురికినీరు లోనికి జారకుండ చేసిన చాలును.

నీటిని తేర్చుటకు చిల్లగింజను కుండలోపల అరగదీయుట మన యిండ్లలో నెరిగినదే. ఆరవ శతాబ్దమునాటి వరాహమిహిరుడు బృహత్సంహితలో, బావినీరు కలుషమైనను, చేదైనను, దుర్గంధమైనను, అంజనము, తుంగముస్తె, వట్టివేరు, రాజకోశాతకి, ఉసిరిక, చిల్లగింజల చూర్ణము వేయవలెనని విధించెను. ఇవి మడ్డిని దించునేమో కాని, కంటికి కనబడని క్రిములకు చాలవు. 1799 లో గ్లాస్గోలో చార్లెస్ టెన్నంట్ పేటెంటు పొందిన బ్లీచింగుపొడి సున్నముపై క్లోరినువాయువును పంపి చేసినది. బట్టలు తెల్లబరచుటకు పుట్టి, తరువాత నీటికి కాపరియయ్యెను. లెక్క కష్టమైనది కాదు. రెండు మీటర్ల వెడల్పు, అయిదు మీటర్ల నీరు గల బావిలో సుమారు 15,700 లీటర్లుండును. వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల తాజాపొడి చొప్పున నలుబది గ్రాములు చాలును. దానిని బక్కెటునీటిలో కలిపి, అడుగున సున్నము దిగువరకు నిలిపి, పైతేట మాత్రమే బావిలో దించి కలియబెట్టవలెను. అడుగుసున్నము పోసినచో ముందే గట్టిగానున్న పలనాటి నీరు మరింత గట్టిపడును. గంట గడిచినపిమ్మట నీటిలో లీటరుకు అర మిల్లీగ్రాము క్లోరిను మిగిలియుండవలెను. పూడిక తీసిన తొలిసారి మోతాదు దీనికి ఎన్నోరెట్లుండును, ఆ వాసన పోవువరకు నీరు వాడరాదు. ఎండలో తెరచియున్న ఈతకొలనునందు క్లోరిను త్వరగా హరించును కావున అచ్చట లీటరుకు ఒకటినుండి మూడు మిల్లీగ్రాములవరకు నిత్యము నిలుపవలసియుండును. బావికి నీడయే సగము రక్ష.

ఇంత చేసినను పలనాటి నేలయందు ఒక ప్రత్యేకమైన అపాయము మిగిలియున్నది. గుత్తికొండ బిలమును చూచినవారికి సున్నపురాతి స్వభావము తెలియును: నీరు రాతిని కరగించి సొరంగములు చేసికొని పోవును. ఇసుకనేలలో మురికినీరు మెల్లగా వడకట్టబడి దిగును. ఇచ్చట బీటలవెంట ఆ శుద్ధి లేకయే వేగముగ బావికి చేరగలదు. అందుచేత పాతబావిని మరల వాడదలచినవారు మరుగుదొడ్డిగుంతను దానికి దూరముగ జరుపవలెను. నీటిని ప్రభుత్వ పరీక్షాకేంద్రములో పరీక్షింపజేసి, ఫ్లోరైడు, నైట్రేటు, క్రిములు మూడింటిని చూపించుకొనిన పిమ్మటనే త్రాగుటను గూర్చి తలపవలెను. త్రాగుటకు పనికిరాకున్నను మొక్కలకు, వాడుకకు అది పనికివచ్చును. తొలివానను వదలి, తరువాతి ఇంటికప్పునీటిని గులకరాళ్లు, ఇసుక నింపిన గుంతగుండ దానిలోనికి పంపినచో ఊట నిలుచును. కొన్నిచోట్ల వాడుకలేని బావినే మరుగుదొడ్డికి గుంతగ మార్చి గొట్టము కలిపినారు. ఆ ఒక్క గొట్టము ఆ వీథిలోని బోరుబావులన్నిటిని చెరుపగలదు. పాత ఇల్లు కొన్నవారు రంగులు వేయించుటకు ముందు, పెరటిలోనికి పోయి ఆ గొట్టమున్నదేమో చూచి, ఉన్నచో తీయించివేయవలయును.